ఆధార్ ఫోటోకు దండ

ఆషాఢం వస్తే వరంగల్‌లో పెళ్లి ఫోటోగ్రాఫర్లకు పని ఉండదు. ముహూర్తాలు లేవు. దానికి మూఢం కూడా తోడైతే ఖాళీ ఇంకా సాగుతుంది. లైట్లు, స్టాండ్లు స్టూడియోలో ఒక మూలకు నెట్టేసి, కెమెరా బ్యాగు భుజానికి తగిలించుకుని మావాళ్లంతా దాదాపు ఒకే దారి పడతారు. వానలకు నిండిన లక్నవరం, పాలంపేటలో రామప్ప, వాజేడు వైపు బొగత జలపాతం. బొగతకు 'తెలంగాణ నయాగరా' అని ఎవరు పేరు పెట్టారో గానీ, నీళ్లు బాగా పడుతున్న రోజు దాని ముందు నిలబడితే ఇంకొకరి పేరు అరువు తెచ్చుకోవాల్సిన అవసరం దానికి లేదనిపిస్తుంది. ఓపిక ఉన్నవాళ్లు గోదావరి దాటి ఆదిలాబాద్ గూడేల దాకా పోతారు. నేనూ పోతాను. పోవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు.

ఆ దారిలో మా కళ్లు ఎంత బాగా పనిచేస్తాయో చెప్పాలి. రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలు ఉంటాయి కదా, వాటిని తీయడం చాలా కష్టం. బొమ్మ నల్లన, పైగా నీడలో ఉంటుంది, వెనక ఆకాశమేమో తెల్లగా వెలుగుతుంటుంది. బొమ్మకు సరిపడా వెలుగు పెడితే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. ఆకాశాన్ని కాపాడితే ఆ నగలు, నడుము ఒంపు అన్నీ మసిలో కలిసిపోతాయి. అందుకని మబ్బు పట్టేదాకా ఆగుతాం. మబ్బు వస్తే వెలుగు నాలుగు దిక్కుల నుంచీ మెత్తగా వచ్చి రాయి మీద గీత గీతా తేలుతుంది. ట్రైపాడ్‌కు అనుమతి లేదంటారు కాబట్టి ఊపిరి బిగబట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి తీస్తాం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన గుడి, ఆ మాత్రం ఓపిక పట్టాల్సిందే. అయితే అదే మనిషి సాయంత్రం ఇంటికి చేరుకుని, గడపలో చాట ముందేసుకుని బియ్యం ఏరుతున్న తల్లిని దాటుకుని లోపలికి పోతాడు. అక్కడ పడుతున్న వెలుగు ఎలాంటిదో చూడడు. కార్డు కంప్యూటర్‌కు పెట్టి మదనికల ఫోటోలు చూసుకుంటాడు.

నా గొడవ ఇదే. బయటికి పోయినప్పుడు తెరుచుకునే కన్ను ఇంటికి రాగానే మూసుకుంటుంది. ఇంట్లో మనకుండే మర్యాద బయటికి పోగానే జారిపోతుంది. రెండూ తలకిందులుగా ఉన్నాయి. ఈ రెంటిలో ఏదో ఒకటి సరిచేసుకుంటే చాలదు, రెండూ కలిపే సరిచేసుకోవాలని నేను వాదిస్తాను.

ముందు ఇంటి సంగతి.

మా స్టూడియోకు వచ్చే పనుల్లో పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోల తర్వాత చావులదే లెక్క. బయటివాళ్లకు ఇది తెలియదు. మనిషి పోయిన మూడో రోజో నాలుగో రోజో కొడుకు వస్తాడు. కళ్లు ఎర్రగా, గడ్డం మాసి ఉంటుంది. "అన్నా, బాపు ఫోటో పెద్దగ చేయాలె. దినాలకు పెట్టాలె. ఫ్లెక్సీకి కూడ అదే కావాలె" అంటాడు. ఫోటో ఏదీ అంటే ఫోను తీస్తాడు. ఫోన్‌లో వేల ఫోటోలు. పిల్లల పుట్టినరోజులు, కొత్త బండి, దోస్తుల దావత్‌లు, యాదగిరిగుట్ట మెట్ల మీద సెల్ఫీలు. వేలు అలా పైకి తోస్తూనే ఉంటాడు. బాపు ఉండడు. ఉన్నా ఎవరి పెళ్లిలోనో వెనక వరసలో సగం ముఖంతో, లేదంటే భోజనాల బంతిలో తల వంచుకుని ఉంటాడు. కాసేపటికి ఆ అబ్బాయికే విసుగొచ్చి జేబులోంచి ఆధార్ కార్డు తీసి కౌంటర్ మీద పెడతాడు.

ఆధార్ ఫోటో ఎలా తీస్తారో మనందరికీ తెలుసు. వేలిముద్రలు పడలేదని, కంటిపాప సరిగ్గా రాలేదని పదిసార్లు కూర్చోబెట్టిన తర్వాత చిన్న కెమెరాతో నొక్కిన ఫోటో అది. పైనుంచి ట్యూబ్‌లైట్, ముఖంలో చిరాకు. గోరంత ఉన్న ఆ ముఖాన్ని 12 × 18 అంగుళాల సైజుకు పెంచాలి. ఇప్పుడు ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ముఖాన్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అవి లేని చర్మాన్ని, లేని కనురెప్పలను ఊహించి నింపుతాయి. మేము మిగతాది చేస్తాం. వెనక నీలం రంగు పెడతాం. భుజం మీది తువ్వాల తీసేసి తెల్ల చొక్కా వేస్తాం. కొందరు కోటు వేయమంటారు, బతికుండగా ఒక్కసారి కూడా కోటు తొడగని మనిషికి. వేస్తాం. మాకు అడిగే హక్కు లేదు.

ఒకసారి అలా తయారైన ఫోటోను చూడటానికి పోయినాయన భార్య కూడా వచ్చింది. కుర్చీలో కూర్చుని స్క్రీన్ వంక చాలాసేపు చూసింది. "ఎవరో ఆఫీసరు లెక్కున్నడు బిడ్డా" అంది. కోపం లేదు, ఏడుపు లేదు, ఉన్న మాట చెప్పింది. కొడుకు మాత్రం "మంచిగనే ఉంది అమ్మా" అని తొందరపెట్టాడు, ఫ్లెక్సీ వాళ్లు ఫోన్ చేస్తున్నారు మరి. ఆ ఫోటోకే దండ పడింది. ఆ ఇంట్లో ఇప్పుడు పుట్టే పిల్లలకు తాత అంటే ఆ ఆఫీసరే.

ఎందుకిలా? ఒకప్పుడు కారణం డబ్బు. రీలుకు 36 ఫోటోలు, కడిగించడానికి ఒక ఖర్చు, ప్రింట్లకు ఇంకో ఖర్చు. కాబట్టి పెళ్లి, సీమంతం, తొట్టెల వేడుక, అంతే. తానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్టూడియోలో రంగుల తెర ముందు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. మా తాత అజంజాహీ మిల్లులో నేత విభాగంలో పనిచేశాడు. 1934లో పెట్టిన మిల్లు అది, 2002లో మూతపడింది. మా ఇంట్లో ఆయనది ఒకే ఒక ఫోటో, మిల్లు గేటు పాసు మీద అంటించినది. మగ్గం ముందు నిలబడి ఆయన ఎలా ఉండేవాడో, చెవుల్లో దూది పెట్టుకునేవాడో లేదో, ఇంటికొచ్చి గోడకు ఎలా చేరగిలబడేవాడో ఏ కాగితం మీదా లేదు. ఆ కాలానికి అది సహజమే. కానీ రీలు పోయి ఇన్నేళ్లయింది. ఫోటోకు ఖర్చు పైసా లేదు. అయినా గేటు పాసు స్థానంలోకి ఆధార్ కార్డు వచ్చింది తప్ప మరేమీ మారలేదు. ఖర్చు పోయింది గానీ, ఫోటో అంటే ముస్తాబు అనే అలవాటు పోలేదు.

పెద్దవాళ్లు కూడా దీనికి సాయం చేస్తారు. చేనులో ఉన్న మనిషి మీద కెమెరా ఎత్తితే "ఆగు, తానం జేసి మంచి అంగి ఏసుకొని వస్త" అంటాడు. వచ్చాక అటెన్షన్‌లో నిలబడతాడు. నేను ఆ ఫోటో తీస్తాను, దాన్ని తక్కువ చేయను, ఎందుకంటే ఆయన కోరుకున్నది అది. తర్వాత అక్కడే కూర్చుంటాను. చాయ్ వస్తుంది. మాట పత్తి ధర మీదికి పోతుంది, కెమెరా సంగతి మర్చిపోతాడు. అప్పుడు ఇంకోటి తీస్తాను. రెండూ ఇస్తాను. గోడకు మొదటిదే ఎక్కుతుంది. రెండోది బీరువాలో పడి ఉంటుంది. ఉండనీ.

మావాళ్లు చెప్పే ఇంకో సాకు, ఇంట్లో తీయడానికి ఏముంది అని. సంక్రాంతికి ముందు సకినాలు పోసే రోజు చూడండి. తెల్ల బట్ట పరిచి, చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని, నువ్వులు వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్లతో మెలిపెడుతూ చుట్టలు చుట్టలుగా తిప్పుతుంటారు. ఫోటోగ్రాఫర్‌కు ఇంతకన్నా పరీక్ష ఏముంటుంది? తెల్ల బట్ట మీద తెల్ల పిండి. కెమెరా తన లెక్క ప్రకారం తాను తీస్తే మొత్తం బూడిదరంగులో వస్తుంది, ఎందుకంటే అది ఎదురుగా ఉన్నదాన్ని నడిమి రంగుకు తేవాలని చూస్తుంది. ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగు ఇవ్వాలి. ఫ్లాష్ కొడితే సకినం మెలిక చదునైపోతుంది. కిటికీ పక్కనుంచి వచ్చే వెలుగు కావాలి, అప్పుడే ప్రతి మెలికకూ ఒక నీడ పడుతుంది. మా వృత్తిలో చాలామంది ప్రతి జనవరిలో ఈ ఫోటో తీస్తారు, ఎవరిదో ఊళ్లో, ఎవరి ఇంట్లోనో, పోటీకి పంపడానికి. వాళ్ల ఇంట్లో సకినాలు పోసే రోజు నూనె డబ్బా తెచ్చిచ్చి బయటపడతారు.

వెలుగు సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, ఇది ఇంట్లో ఉంటేనే తెలిసేది. వరంగల్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం ప్రాంతంలో ఒకసారి, జూలై ఆఖరులో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. ఆ రెంటి మధ్యలో మధ్యాహ్నపు ఎండ మనకు ఉత్తరం వైపు నుంచి వస్తుంది. అంటే మా ఇంటి ఉత్తరపు ప్రహరీకి మధ్యాహ్నం ఎండ తగిలేది ఏడాదిలో ఆ రోజుల్లోనే. అదీ నిలువుగా, గోడను రాసుకుంటూ దిగుతుంది. అప్పుడు సిమెంటు గరుకు, తాపీ మేస్త్రీ చెయ్యి తిప్పిన గుండ్రాలు, ఎప్పుడో పిల్లలు మేకుతో గీసిన గీతలు అన్నీ పైకి లేస్తాయి. మిగతా ఏడాదంతా అది ఉత్త గోడ. ఇలాంటి ఎండ కోసమే మేము కోటలో కీర్తితోరణాల దగ్గర గంటల తరబడి కూర్చుంటాం.

ఇప్పుడు బయటి సంగతి. ఇక్కడే నాకు, నా తోటివాళ్లకు ఎక్కువ పేచీ.

మేడారం జాతరకు రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి ప్రాంతంలో, దేశంలో ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు వస్తాయి. మేమైతే సరేసరి. నిలువెత్తు బంగారం అని బెల్లం తూచి మోసుకొచ్చేవాళ్లు, శివసత్తుల పూనకాలు, గద్దెల దగ్గర తోపులాట. దేన్ని చూసినా ఫోటోనే. కానీ ఎక్కువ మంది లెన్సు తిరిగేది జంపన్న వాగు వైపు. ఆడవాళ్లు తానాలు చేస్తుంటారు. ఒడ్డు మీద నుంచి పొడవాటి లెన్సులు పెట్టి తీస్తారు. తడి బట్టలు, నీటి తుంపర్లు, ఎదురు వెలుగు. 'భక్తి' అని పేరు పెట్టి పోటీకి పంపుతారు. బహుమతులు కూడా వచ్చాయి. నేను అడిగేది చిన్న ప్రశ్న. మన ఇంటి వెనక మన చిన్నమ్మ తలంటు పోసుకుంటుంటే కెమెరా ఎత్తుతామా? ఎత్తం. ఎవరూ చెప్పకుండానే ఎత్తం. మరి కోటిమందిలో కలిసిపోయింది కదా అని ఆమె ఎవరి చిన్నమ్మా కాకుండా పోయిందా?

వాళ్ల జవాబు, అది బహిరంగ స్థలం కదా అని. సరే, అదే జాతరలో ఇంకో సంగతి చూద్దాం. చిలకలగుట్ట మీద సమ్మక్క పూజ కోయ పూజారులదే, గుట్ట మీదికి ఇంకెవరినీ పోనివ్వరు. అమ్మవారిని కిందికి తెచ్చేటప్పుడు పోలీసు అధికారులు గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం చెప్తారు. అంటే ప్రభుత్వం కూడా గుట్ట కింద నిలబడే ఎదురు చూస్తుంది. అక్కడ మేమందరం నోరు మూసుకుని ఆగుతాం. గుట్ట పైన ఏం జరిగిందో ఫోటో లేదని జాతర ఫోటోలకు ఏ లోటూ రాలేదు. ఆగడం మాకు చేతనవును మరి. గీత గీసి కాపలా పెడితే ఆగుతాం, గీత లేని వాగు ఒడ్డున మాత్రం మాకేదీ అడ్డు కాదు.

ఇది కొత్త చాదస్తం అనుకునేవాళ్లకు మన దగ్గరి పాత సంగతే ఒకటి గుర్తు చేయాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం విడిగా ఒక జనానా స్టూడియో పెట్టాడు. దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. పరదా పాటించే కుటుంబాల ఆడవాళ్లు అక్కడికి వచ్చి ఇష్టంగా ఫోటో దిగేవారు. ఆ పరదా మంచిదా కాదా అనేది వేరే చర్చ, అందులో నేను దీన్‌దయాళ్ పక్షం కాదు. కానీ ఫోటో దిగే మనిషి ఇబ్బంది పడకుండా ఏర్పాటు చేయడం ఫోటోగ్రాఫర్ పనిలో భాగమని ఆయన అనుకున్నాడు. దానికి డబ్బు ఖర్చు పెట్టాడు. పెద్ద పెద్ద ప్లేట్ కెమెరాలతో ఆ మాత్రం ఆలోచించిన వృత్తి, జేబులో పట్టే కెమెరా వచ్చాక ఆలోచించడం మానేసింది.

ఆదిలాబాద్ దండారి గురించి కూడా ఒక మాట. దీపావళికి నెమలి ఈకల టోపీలు పెట్టుకుని గుస్సాడీలు ఆడే ఆటను చూడని ఫోటోగ్రాఫర్ మా దగ్గర తక్కువ. గుస్సాడీ నృత్యాన్ని దేశానికి చూపించిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. దండారి అంటే ఒక గూడెం వాళ్లు ఇంకో గూడేనికి విందుకు పోవడం. పిలుపు ఉంటుంది, ఎదురుకోలు ఉంటుంది, భోజనాలు ఉంటాయి. పిలవని చుట్టాలం మేమొక్కళ్లమే. అయినా ఆట మధ్యలోకి దూరి, "ఓ దాదా, ఇటు తిరుగు, ఇంకోసారి ఎగురు" అని పురమాయిస్తాం. పెళ్లిలో తలంబ్రాలు మళ్లీ పోయించే అలవాటు అక్కడికీ మోసుకుపోతాం. పెళ్లిలోనైనా మాకు వాళ్లు డబ్బులిస్తున్నారు.

ఎనుమాముల మార్కెట్ సంగతి కొంచెం వేరు. మిర్చి సీజన్‌లో యార్డు మొత్తం ఎరుపు, పైనుంచి డ్రోన్ ఎగరేస్తే ఎవరైనా మెచ్చుకునే ఫోటో. ఈ మధ్య మన చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చాక ఆ ఫోటోలకు గిరాకీ పెరిగింది. కానీ యార్డులో అసలు ఘట్టం పొద్దున జెండా పాట. ఆ రోజు ధర ఎక్కడిదాకా పోతుందో తేలే నిమిషాలు అవి. రాత్రంతా బస్తాల మీద పడుకున్న రైతు ముఖం అప్పుడు చూడాలి. ఘాటుకు ముక్కుకు తువ్వాల కట్టుకుని ఉంటాడు కాబట్టి కనిపించేవి కళ్లే. ఒకాయనను అడిగాను, ఫోటో తీయనా కాకా అని. "తియ్యి. పేపర్ల వస్తదా?" అన్నాడు. రాకపోవచ్చన్నాను. "వస్తె మాత్రం రేటు పెరుగుతదా?" అన్నాడు, పక్కవాళ్లు నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆ నవ్వు నా ఫోటోలో ఉంది. అడగకుండా తీసి ఉంటే 'రైతు దిగులు' అనే ఫోటో వచ్చేది, దానికి బహుమతి కూడా వచ్చేదేమో.

అడిగితే సహజత్వం పోతుందని మావాళ్లు గట్టిగా నమ్ముతారు. క్యాండిడ్, అంటే పోజు పెట్టించకుండా తీసే ఫోటో, అనే మాట పెళ్లి ప్యాకేజీల్లోకి వచ్చాక ఈ నమ్మకం ఇంకా ముదిరింది. పెళ్లిళ్లు తీసే ప్రతివాడికీ తెలిసిన సంగతి దీనికి అడ్డం వస్తుంది. మైలపోలు నాడు కెమెరా కనబడితే సర్దుకునే మేనత్తలు, అప్పగింతల వేళకు మమ్మల్ని పట్టించుకోవడమే మానేస్తారు. మనం దాక్కున్నందుకు కాదు, ఎదురుగా నిలబడి అలవాటైనందుకు. అడిగాక కాసేపు ఉండాలి, అంతే. ఉండే ఓపిక లేనివాళ్లే అడగకూడదనే సిద్ధాంతం తయారుచేసుకున్నారని నా అనుమానం.

వార్తా ఫోటోగ్రాఫర్లకు ఇది వర్తించదు. 2023 జూలైలో మోరంచపల్లిని వాగు ముంచెత్తినప్పుడు ఇళ్లపైకెక్కిన మనుషులను తీయడానికి ఎవరూ అనుమతి అడగలేరు, అడగకూడదు కూడా. ఆ ఫోటో బయటికి పోవడమే వాళ్లకు సాయం. నా పేచీ సెలవుల్లో తిరిగే మాలాంటివాళ్లతో.

ఇంట్లో కన్ను తెరవమన్నాను కదా అని ఇంటినంతా సీసీ కెమెరాగా మార్చమని కాదు. మా అమ్మాయి చదువుకుంటూ నిద్రపోయిన ఫోటో ఒకటి తీశాను, వెలుగు అద్భుతంగా ఉంది. చూసి "డిలీట్ చేయి నాన్నా" అంది. చేశాను. బాధగానే ఉంది, ఫోటోగ్రాఫర్‌ను కదా. మా అమ్మ అయితే వద్దనదు గానీ స్టేటస్‌లో పెట్టొద్దంటుంది. ఇంట్లో తీసినవన్నీ ఊరికి చూపించాల్సిన పని లేదు. ప్రింట్ తీసి కవర్లో పెట్టి, వెనక తేదీ, పేర్లు రాస్తే చాలు. ఫోను పోతే పోయే ఫోటోను నేను ఫోటోగా లెక్కపెట్టను.

వరంగల్‌లోనే పుట్టి, 2022లో మనల్ని విడిచిపోయిన భరత్ భూషణ్ బతుకమ్మను, మన పల్లె బతుకును తీసిన ఫోటోలు చూస్తే నేను చెప్పేది కొత్తదేం కాదని తెలుస్తుంది. తంగేడు, గునుగు పేర్చుకుంటున్న ఆడవాళ్లను ఆయన వింతగా చూడలేదు. ఇంట్లో మనిషి చూసినట్టు చూశాడు.

ఏటా ఆగస్టు 19న, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు, మా ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్లు తొలినాళ్ల ఫోటో పద్ధతి ఒకటి కనిపెట్టిన డాగురే పటానికి దండ వేస్తారు, కేక్ కోస్తారు, చిన్న ప్రదర్శన పెడతారు. ఈసారి ప్రదర్శనకు నేను రెండు షరతులు పెడదామన్నాను. ఒకటి, ప్రతి సభ్యుడూ తన సొంత ఇంట్లో తీసిన ఫోటో కనీసం ఒకటి పెట్టాలి, పండగదీ పుట్టినరోజుదీ కాకూడదు. రెండు, బయట తీసిన మనుషుల ఫోటో ఏదైనా పెడితే, ఆ మనిషిని అడిగారా, ప్రింట్ ఇచ్చారా అనేది ఫ్రేము వెనక రాయాలి. రెండో షరతు మీద పెద్ద లొల్లి అయింది. "అట్లైతె నా దగ్గర ఫోటోలే ఉండయి అన్నా" అన్నాడు ఒకతను, మేడారం ఫోటోలతో చాలా పేరు తెచ్చుకున్నవాడు. మొదటిదానికి ఎదురు చెప్పినవాళ్లు లేరు గానీ, ఫోటో తెస్తామన్నవాళ్లు కూడా ఇప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. సైజు 12 × 18, మౌంట్ బోర్డు సంఘమే ఇస్తుంది, ఆగస్టు మొదటి వారంలోగా ప్రింట్లు మా స్టూడియోలో ఇవ్వాలి. రెండో షరతు ఉండాలా వద్దా అనేది వచ్చే మీటింగ్‌లో ఓటుకు పెడుతున్నాం.